డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి

పుదుక్కోట సంస్థానమున 1886వ సంవత్సరమున ముత్తులక్ష్మి జన్మించెను. ఆమె తల్లి దేవదాసీ కులమున పుట్టినది. పురుషుల కళాశాలలో బాలికను చేర్చరాదని పలువురు అడ్డుచెప్పినను, మహారాజు అనుమతి నొసగెను. ఆమె పట్టుదలతో చదివి, 1912లో మద్రాసు వైద్యకళాశాల పట్టము నందెను.

1927లో ఆమె మద్రాసు శాసనమండలిలో ప్రవేశించి, ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యెను. ఆంధ్ర జిల్లాలును నాడు ఆ మండలి పాలనలోనివే. అంతకుముందు ఏ స్త్రీయు అందు కూర్చుండలేదు.

పసిబాలికలను దేవాలయములకు అర్పించు ఆచారము ఆమె హృదయమును కలచివేసెను. ఆ సేవకై దేవదాసీలకు మాన్యములుండెడివి. సేవ మానినచో భూమి పోవును. భూమి పోయినచో కూడు కరవగును. ఆమె కృషివలన 1929లో వచ్చిన చట్టము, సేవ మానినను భూమి వారికే దక్కునట్లు చేసెను. పిమ్మట ఆ ఆచారమునే నిషేధించు బిల్లును ఆమె ప్రతిపాదించెను. అది చట్టము కాకమునుపే, 1930లో గాంధీమహాత్ముని నిర్బంధించిరి. అందుకు నిరసనగా ఆమె పదవిని త్యజించెను.

పదవి పోయినను పని ఆగలేదు. దిక్కులేని బాలికలకై ఆమె అవ్వై ఆశ్రమమును స్థాపించెను. 1947లో ఆ నిషేధము చట్టమయ్యెను. చెల్లెలిని బలిగొన్న క్యాన్సరు వ్యాధికి 1954లో అడయారున వైద్యశాలను నెలకొల్పెను. 1968లో ఆమె కీర్తిశేషురాలయ్యెను.

నోరులేనివారికై వినియోగింపబడినప్పుడే పదవికి సార్థకత కలుగును.