సీనియర్ అంటే ఎవరు? - గ్రేస్ హాపర్ జీవితం

నాలుగు కంప్యూటర్ భాషలు వచ్చినవాడు సీనియర్, ఒక్కటే వచ్చినవాడు జూనియర్ అని మన విద్యార్థుల్లో ఒక లెక్క ఉంది. ఉద్యోగాల్లోనేమో సర్వీసు ఏళ్ళు లెక్కపెడతారు. ఈ రెండు లెక్కలూ చాలవని గ్రేస్ హాపర్ జీవితం చదివాక నాకు తోచింది.

ఆమె 1906లో న్యూయార్కులో జన్మించారు. ఏడేళ్ళ వయసులో, అలారం ఎలా మోగుతుందో చూద్దామని ఇంట్లోని గడియారాలన్నీ విప్పేశారట! 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేటు పొంది, వాసర్ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నా వినక, పట్టుబట్టి నౌకాదళంలో చేరారు. 1944లో హార్వర్డులో మార్క్-1 యంత్రం ముందు నిలబడేనాటికి ఆమెకు 37 ఏళ్ళు. అంత చదువు ఉన్నా, ప్రోగ్రామింగులో మాత్రం పచ్చి జూనియరే.

51 అడుగుల పొడవున్న ఆ యంత్రానికి ఆజ్ఞలను కాగితపు టేపు మీద చిల్లులు పొడిచి ఇవ్వాలి. సరిగ్గా పనిచేసిన ప్రోగ్రాం ముక్కలను అక్కడివాళ్ళు నోటు పుస్తకాల్లో దాచుకుని, ఒకరి దగ్గర ఒకరు ఎత్తి రాసుకునేవారు. ఆ రాతలో తప్పులు దొర్లేవి. జూనియర్ తన తప్పు తాను దిద్దుకుని ఊరుకుంటాడు. హాపర్ అలా ఊరుకోలేదు. అందరూ అక్కడే ఎందుకు తప్పుతున్నారని ఆలోచించి, ఆ ఎత్తి రాసే పనిని యంత్రానికే అప్పజెప్పారు. 1952లో యూనివాక్ కోసం ఆమె తయారుచేసిన ఏ-0 కంపైలర్ అదే. యంత్రం ప్రోగ్రాం రాయడమేమిటని మొదట ఎవరూ నమ్మలేదు. అయినా వెనక్కి తగ్గక, ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలిచ్చే ఫ్లో-మాటిక్ తెచ్చారు. 1959లో మొదలైన కోబాల్ భాషకు అదే పునాది అయింది.

నేర్చింది దాచుకోలేదు కూడా. ఒక నానోసెకనులో వెలుగు పోయే దూరం ఎంతో తెలియడానికి, సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు ఉపన్యాసాల్లో పంచేవారు. 1986లో, 79 ఏళ్ళ వయసులో, రియర్ అడ్మిరల్‌గా పదవీ విరమణ చేశారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.

మాది వ్యవసాయ కుటుంబం. తన మడికి నీళ్ళు పెట్టుకోవడం ఎవరికైనా వస్తుంది. చివరి మడికి కూడా నీరందేలా బోదె బాగుచేసేవాణ్ణే మా ఊళ్ళో పెద్దరైతు అంటారు, ఎన్ని ఎకరాలున్నాయని అడగరు. రేపు ఉద్యోగాలకు పోయే మిత్రులారా! మన పని మనం చక్కబెట్టుకుంటే మంచి జూనియర్లమే. మన వెనక వచ్చేవాడి పని తేలిక చేసిన రోజునే సీనియర్లమవుతాం.