గుట్టల మీద బంజారాల పొరుగువాడు – మర్హూం నవాబ్ మెహదీ నవాజ్ జంగ్

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో కాపురముంటున్న మన సభ్యులలో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు పూర్తిగా పలికేవారు ఈనాడు తక్కువే. రెడ్ హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రిని మాత్రం ఎరుగనివారుండరు. దానిని అందరూ ఎం.ఎన్.జె. అంటారు. ఆ మూడక్షరాల వెనుకనున్న పెద్దమనిషి ఎవరు, ఏమి చేశారు అన్నది మన పిల్లలకు తెలియాలన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. మనం నివసించే ఈ గుట్టలకూ వారికీ సంబంధం ఉన్నది. ఆ సంబంధంలో సంతోషించవలసిన సంగతి ఉన్నది, బాధపడవలసిన సంగతి కూడా ఉన్నది.

వారు 1894లో పుట్టారు. మెహదీ అన్నది పేరు. నవాజ్ జంగ్ అన్నది నిజాం ప్రభుత్వమిచ్చిన బిరుదు. ఆ రోజుల్లో ఒక బిరుదు వచ్చిందంటే అసలు పేరు జనం మరచిపోయేవారు. హైదరాబాదు సంస్థానంలో సివిల్ సర్వీసు అధికారిగా ప్రవేశించి, నగర మునిసిపాలిటీ వ్యవహారాలు చూసి, చివరికి నిజాం గారి కార్యనిర్వాహక మండలికి కార్యదర్శి అయ్యారు. అంటే సంస్థానమంతటి మీద తీర్మానాలు చేసే మండలి కాగితాలన్నీ వారి చేతి మీదుగా నడిచేవన్నమాట. అంతటి హోదాలో ఉన్నవారు ఆ కాలంలో ఎక్కడ ఉండాలి? దేవిడీలో ఉండాలి, లేదా కొత్తగా పెరుగుతున్న సోమాజిగూడ, ఖైరతాబాదు వైపు తోట వేసుకొని బంగళా కట్టుకోవాలి. 1908లో మూసీ వరద, ఆ వెనువెంటనే 1911లో ప్లేగు వచ్చిన తర్వాత పాతనగరం నుంచి ఉమ్రావులు నది దాటి ఉత్తరానికి రావడం మొదలయింది. కాని వారెవ్వరూ ఈ రాళ్ళగుట్టల దాకా రాలేదు. ఇక్కడ నీళ్ళు లేవు, రోడ్డు లేదు, పొద్దుగూకితే మనుష్య సంచారం లేదు. ఉన్నదల్లా బంజారాల గుడిసెలు.

బంజారాలంటే మన తెలుగువాళ్ళు లంబాడీలంటారు. సుగాలీలని కూడా అంటారు. వాళ్ళు తమను తాము గోర్ అని చెప్పుకుంటారు. వారి మాట గోర్ బోలికి సొంత లిపి లేదు. వారి చరిత్రకూ దక్కనులో ముస్లిం పాలకుల చరిత్రకూ విడదీయరాని లంకె ఉన్నది. మొగలు సైన్యాలు దక్షిణాదికి దిగినప్పుడు ఆ లక్షల మందికి, గుర్రాలకు, ఏనుగులకు తిండిగింజలు మోసింది బంజారాల ఎద్దులే. బండ్లు కూడా కావు, వీపు మీద గోనెలు వేసుకొని వేలాదిగా నడిచే ఎద్దులు. ఉప్పు, ధాన్యం, పప్పులు ఒక సీమ నుంచి మరో సీమకు చేరవేయడం వారి కులవృత్తి. రెండు సైన్యాలు కొట్టుకుంటున్నా బంజారాల మంద జోలికి ఎవరూ పోయేవారు కాదు. ఎవరికైనా తిండి కావలసిందే కదా! వారిలో ఇస్లాం స్వీకరించినవారు కూడా ఉన్నారు. ఉత్తరాదిలో తుర్కియా బంజారాలని ఒక తెగ ఈనాటికీ ఉన్నది.

తర్వాత రైలు వచ్చింది. రైలొచ్చిన చోటల్లా ఎద్దు మీద సరుకు మోసేవాడికి పని లేకుండా పోయింది. పని పోయినవాడిని దొంగ అన్నారు. 1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టమని ఒకటి తెచ్చి, కొన్ని జాతులలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే నేరస్థుడన్నట్టు రాసింది. బంజారాలలో అనేక శాఖలు ఆ చట్టం కిందికి వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకు, 1952లో గాని ఆ చట్టం పోలేదు. చట్టం పోయినా అనుమానం పోయిందా? ఊళ్ళో ఏది పోయినా తండా వైపు చూసే అలవాటు మొన్నమొన్నటి దాకా ఉండేది.

అటువంటివాళ్ళు ఉండే గుట్ట మీదికి 1930 ప్రాంతంలో మెహదీ నవాజ్ జంగ్ గారు వచ్చి ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇల్లు కూడా మామూలు ఇల్లు కాదు. ఈ గుట్టల గ్రానైటు రాయి వయస్సు 250 కోట్ల సంవత్సరాలంటారు శాస్త్రజ్ఞులు. దానిని పగలగొట్టకుండా, ఉన్న బండనే గోడగా, ఉన్న గుహనే గదిగా వాడుకొని కట్టించారు. దానికి బంజారా భవన్ అని పేరు పెట్టారు. తన పేరు పెట్టుకోలేదు, ప్రభువు పేరూ పెట్టలేదు. హైదరాబాదులో పేటలకూ మహళ్ళకూ ఎవరెవరి పేర్లున్నాయో ఒకసారి లెక్క వేసుకుంటే ఇది ఎంత అరుదో తెలుస్తుంది. బేగంపేట, సోమాజిగూడ, మలక్‌పేట, హిమాయత్‌నగర్ – ఎక్కువ భాగం ఒక బేగం సాహెబా పేరో, ఒక అమీరు పేరో, ఒక షాహ్‌జాదా పేరో. రాళ్ళ మీద గుడిసెలు వేసుకున్న సంచారజాతి పేరు ఒక పేటకు నిలిచిపోవడంలో వారి చేయి పెద్దది.

1933లో రవీంద్రనాథ్ టాగోరు హైదరాబాదు వచ్చినప్పుడు ఈ గుట్టల అందానికి ముగ్ధులై ఒక చిన్న కవిత రాశారు. ఆనాటి బంజారాహిల్స్ ఎట్లా ఉండేదో ఊహించుకోవాలంటే ఇప్పటి కార్ల వరసను, హోటళ్ళను కళ్ళ ముందు నుంచి తీసేయాలి. సీతాఫలం చెట్లు, నెమళ్ళు, వాననీళ్ళు నిలిచే కుంటలు, అద్దాల రవికెలతో కట్టెలమోపులెత్తుకొని నడిచే ఆడవాళ్ళు.

ఇంతవరకు సంతోషించవలసిన సంగతి. బాధ కలిగించే సంగతి ఏమిటంటే, నవాబుగారి వెనుకే ఇంకా నవాబులు వచ్చారు, వారి వెనుక అధికారులు, వారి వెనుక వ్యాపారులు. పేరు బంజారాలది, స్థలం ఇంకొకరిది అయింది. 1960లలో చల్లగళ్ళ నరసింహారెడ్డి గారి చొరవతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడి మరో వెయ్యి ఎకరాలకు పైగా గుట్టలు ప్లాట్లయ్యాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరుచుకున్నది. దానిని ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లగా ఇటు మళ్ళి ఫిల్మ్‌నగర్ వెలిసింది. లైట్లు మోసేవారు, సెట్లు వేసే వడ్రంగులు, దర్జీలు, డ్రైవర్లు వచ్చి బస్తీలు కట్టుకున్నారు. వారిలో కోస్తావారు, పాలమూరు కూలీలు, బీదరు నుంచి వచ్చినవారు, మన ముస్లిం కుటుంబాలవారు అందరూ ఉన్నారు. గుట్టను ప్రేమించి మొదట వచ్చిన పెద్దమనిషే ఆ గుట్టకు ధర కూడా తెచ్చాడన్నది నిజం. ఇది వారి తప్పని మేమనడం లేదు. కాని పేరు పెట్టి గౌరవించడం వేరు, స్థలం మిగిల్చి గౌరవించడం వేరు. మొదటిది ఒక మనిషి మనసుతో అయ్యే పని. రెండోదానికి చట్టం కావాలి, పట్టా కావాలి. తెలంగాణాలోని లంబాడీలకు షెడ్యూల్డు తెగలుగా గుర్తింపు 1976 నాటి చట్టంతో గాని రాలేదు. ఆంధ్ర జిల్లాలలో ఉన్న వారి బంధువులకు అంతకు చాలా ముందే వచ్చింది. ఆలస్యమయ్యేసరికి ఈ గుట్టల మీద తండా అన్నది దాదాపు లేకుండా పోయింది.

ఇక వారి ప్రజాజీవితం సంగతి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. అంతకు ముందు రజాకార్లు పల్లెలలో చేసిన దౌర్జన్యాలు అందరికీ తెలిసినవే. ఆ తర్వాత మరాఠ్వాడాలోనూ, బీదరు, గుల్బర్గా వైపునా అమాయక ముస్లింలు వేల సంఖ్యలో హతులయ్యారు. ఢిల్లీ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ గారి బృందం ఆ మృతుల సంఖ్య 27 వేల నుంచి 40 వేల వరకు ఉండవచ్చని లెక్క వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. అటువంటి సమయంలో పాత ప్రభుత్వంలో పెద్ద అధికారులుగా ఉన్న ముస్లింలలో కొందరు పాకిస్తాను వెళ్ళిపోయారు, కొందరు తలుపులు మూసుకొని ఇంట్లో కూర్చున్నారు. మెహదీ నవాజ్ జంగ్ గారు ఈ రెండూ చేయలేదు. 1952లో బూర్గుల రామకృష్ణారావు గారి నాయకత్వాన ఏర్పడిన ప్రజాప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఆ మంత్రివర్గాన్ని చూస్తే ఒక చిన్న హిందూస్తానమే కనబడుతుంది. తెలుగువారైన మర్రి చెన్నారెడ్డి, మరాఠీవారైన దిగంబరరావు బిందు, కన్నడ ప్రాంతం వారు, వారి మధ్య ఉర్దూ మాట్లాడే ఈ నవాబుగారు. ఆనాటి హైదరాబాదు రాష్ట్రంలో సగం మంది తెలుగువారు, పావువంతు మరాఠీలు, మిగిలిన భాగంలో కన్నడిగులు, ఉర్దూవారు.

ఆ ప్రభుత్వం కుదురుకోక ముందే ముల్కీ గొడవ వచ్చింది. ముల్కీ అంటే ఈ ముల్కుకు చెందినవాడు, గైర్ ముల్కీ అంటే బయటివాడు. నౌకరీలు ముల్కీలకే అన్న నిబంధన 1919లో నిజాం ఫర్మానాతో వచ్చింది. పదిహేనేళ్ళు ఇక్కడ నివాసముంటే గైర్ ముల్కీ కూడా ముల్కీ కావచ్చు. పూర్వం ఆ అభ్యంతరమంతా ఉత్తరాది నుంచి, అలీగఢ్ నుంచి వచ్చి కుర్చీలెక్కిన వారి మీద. 1948 తర్వాత మద్రాసు, ఆంధ్ర ప్రాంతాల నుంచి వచ్చిన ఉద్యోగుల మీదికి మళ్ళింది. 1952 సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర విద్యార్థుల మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఇందులో హిందువూ ముస్లిమూ అన్న పేచీ లేదు సుమా! ఒకే మతం వాడు, ఒకే భాష వాడు కూడా ఎదుటివాడిని బయటివాడనగలడు. బంజారాల కుంటల మీద ఇళ్ళు కట్టుకున్న నగరం ముల్కీ ఎవరని కొట్టుకోవడం చూసి నవాబుగారికి ఏమనిపించిందో!

1955లో క్యాన్సర్ ఆసుపత్రి మొదలయింది. క్యాన్సర్ అంటే ఇంట్లోవాళ్ళు కూడా పేరు పలకడానికి భయపడే రోజులవి. బొంబాయి వెళ్ళగలిగినవాడు వెళ్ళేవాడు, లేనివాడు ఇంట్లోనే పోయేవాడు. ఆ ఆసుపత్రి ఎందరికి ఆసరా అయిందో వేరే చెప్పనక్కరలేదు. 1956 నవంబరు 1న భాషల ప్రకారం హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలయింది. నీలం సంజీవరెడ్డి గారి నాయకత్వాన ఆంధ్రప్రదేశ్ తొలి మంత్రివర్గంలో కూడా వారికి చోటు దక్కింది.

1960 మే 1న బొంబాయి రాష్ట్రం విడిపోయి గుజరాత్ ఏర్పడింది. సబర్మతి ఆశ్రమంలో రవిశంకర్ మహారాజ్ గారు దానిని ప్రారంభించారు. జీవరాజ్ మెహతా గారు తొలి ముఖ్యమంత్రి, మన మెహదీ నవాజ్ జంగ్ గారు తొలి గవర్నరు. గుజరాతీ మాట్లాడేవారి కోసం వచ్చిన రాష్ట్రానికి, తెలుగు గడ్డ నుంచి ఒక ఉర్దూ మాతృభాష పెద్దమనిషి! వారి నివాసం అహ్మదాబాదులో షాజహాను కట్టించిన షాహీబాగ్ మహలు. చిత్రమేమంటే, టాగోరు తన పదిహేడవ ఏట అన్నగారితో కలిసి ఆ మహల్లోనే కొన్నాళ్ళున్నారు. 1965 జూలై దాకా వారు ఆ పదవిలో ఉన్నారు. అహ్మదాబాదు పాల్డీలో వారి పేరిట ఒక హాలు ఉన్నది. 1967లో వారు కన్నుమూశారు.

ఆ తర్వాత రెండేళ్ళకు, 1969లో, వారు గవర్నరుగా ఉన్న అహ్మదాబాదులో మతకల్లోలాలు చెలరేగి వందల ప్రాణాలు పోయాయి. అదే సంవత్సరం వారు పుట్టి పెరిగిన హైదరాబాదు ముల్కీ రక్షణల కోసం మళ్ళీ భగ్గుమన్నది. ఆ రెండూ చూడకుండా పోవడం వారి అదృష్టమేమో.

తెలంగాణాలో లంబాడీల సంఖ్య 2011 జనాభా లెక్కల ప్రకారం 20 లక్షల పైచిలుకు. ఆదిలాబాదు, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగర్ తండాల నుంచి జబ్బుపడిన తల్లినో తండ్రినో వెంటబెట్టుకొని బస్సు దిగి, ఎం.ఎన్.జె. ఎక్కడని దారి అడిగే పిల్లలు వారిలో ఉంటారు. మన బస్తీల నుంచి వెళ్ళేవారూ ఉంటారు. చీటీ రాయించుకునే వరుసలో అందరూ ఒకరి వెనుక ఒకరు నిలబడతారు.