మూసీ తీరాన ఉస్మాన్ అలీఖాన్

నగరం పెరిగేకొద్దీ పాత కట్టడాలకు చోటు కరువవుతుంది. వాటిని కాపాడుకుంటూ కొత్త అవసరాలు తీర్చుకోవటం ఎట్లా అన్నది నేటి హైదరాబాదు ఎదుర్కొంటున్న ప్రశ్న. శతాబ్దం క్రితం ఇదే ప్రశ్న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ముందు నిలిచింది. ఆయన జీవితంలోని ఆ భాగాన్ని విద్యార్థులు తెలుసుకోవటం అవసరం.

ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6న పురానీ హవేలీలో జన్మించారు. ఆయన యువరాజుగా ఉండగా, 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి; వేలాదిమంది అసువులు బాశారు. అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు సుమారు 150 మంది ప్రాణాలు నిలిపింది. తండ్రి మహబూబ్ అలీఖాన్ పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించాలని సూచించారు. 1911లో తండ్రి మరణించగా, ఆ పథకాల భారం పాతికేళ్ల ఉస్మాన్ అలీఖాన్‌పై పడింది.

1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఇరుకు వీధులు విశాలమయ్యాయి. నదికి దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కళాశాల, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి వెలిశాయి. వాటిని రూపొందించిన ఆంగ్ల వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్, గుమ్మటాలలోను, కమానులలోను ఈ గడ్డ సంప్రదాయాన్నే అనుసరించారు. ప్రాణదాత అయిన ఆ చింతచెట్టును కొట్టివేయక, ఆసుపత్రి ఆవరణలోనే ఉంచారు. పత్తర్‌గట్టీ వీధిని విస్తరించినప్పుడు దుకాణాల వరుసలకు రాతి కమానులు అమర్చారు. 1591 నాటి చార్మినారు గాని, దాని చెంతనున్న చార్‌కమాన్ గాని కొత్త బాటకు బలికాలేదు.

ప్రాచీన సంపద రక్షణకు 1914లో పురావస్తు శాఖ ఏర్పడింది. గులాం యజ్దానీ దానికి అధిపతి అయ్యారు. అజంతా చిత్రాలను కాపాడేందుకు ఇటలీ నుండి నిపుణులను రప్పించారు. పాలంపేటలోని రామప్ప దేవాలయంపై యజ్దానీ గ్రంథం రచించారు. బౌద్ధ గుహలైనా, శివాలయమైనా, మసీదైనా ఆ శాఖ దృష్టిలో ఈ నేల వారసత్వమే.

అయితే ఈ నిర్మాణానికి మరొక ముఖం కూడా ఉన్నది. వీధులు వెడల్పయిన చోట్ల పాత ఇళ్లు తొలగిపోయాయి. మండలి పేదలకు కొత్త ఇళ్లు కట్టించిన మాట నిజమే. కాని పుట్టిన వాడను విడిచినవారి బాధ ఏ శిలాఫలకం మీదా చెక్కబడలేదు. ఆయన ప్రజల అనుమతి కోరవలసిన పాలకుడు కాదు. నిరంకుశత్వానికి ఎదురు నిలిచిన ప్రజల పోరాటాన్ని, 1948కి ముందు రజాకార్లు సాగించిన దౌర్జన్యాలను విస్మరించి ఆయన చరిత్రను చెప్పుకోవటం న్యాయం కాదు.

1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. కింగ్‌కోఠీ ఎదుటనున్న జూదీ మసీదులో ఆయన సమాధి ఉన్నది. ఆయన నాడు కొత్తగా కట్టించినవే నేడు పురాతన కట్టడాలైనాయి. 2020లో ఉస్మానియా ఆసుపత్రి వార్డులలోకి వాననీరు చేరింది. రోగులకు సురక్షితమైన భవనం కావాలని కొందరు, చారిత్రక కట్టడాన్ని కూల్చరాదని కొందరు వాదించారు. ఇరువురి మాటలోను సత్యమున్నది. 2025లో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగికి మంచి చికిత్స, పాత గోడలకు మరమ్మతు రెండూ సాధ్యమేనని ఇకముందు నిరూపించవలసి ఉన్నది.

ప్రజలను అడుగకుండానే ఒక ప్రభువు చార్మినారు నీడ చెదరకుండా నగరాన్ని పెంచగలిగాడు. ప్రజలే ప్రభువులైన ఈ కాలంలో, పాత కట్టడాన్నీ, దాని పక్కన నివసించే పేదవాడినీ కూడా కాపాడుకోవటం మన బాధ్యత. రేపటి ఇంజనీర్లు, అధికారులు, ఉపాధ్యాయులు కాబోతున్న మీరు ఈ సంగతి మరువరాదు.