సి. పి. బ్రౌను దొరగారు – మన పితరుల పాత దస్తరములు

శతవార్షికోత్సవము జరుపుకొను ఈ దినములలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల సంఘములలో ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. మన కుటుంబములో మొట్టమొదట ప్రభువును అంగీకరించినవారు ఎవరు? వారిది ఏ ఊరు? ఏ సంవత్సరమున బాప్తిస్మము పొందిరి? తాతపేరు చెప్పగలవారు పదిమంది ఉన్నచోట ముత్తాత పేరు చెప్పగలవారు ఇద్దరు ముగ్గురే. ఆపై పేరు కావలెనన్న పాత కాగితములను వెదకవలసినదే.

పాత కాగితమునకు గల విలువను మన కడప సీమకు నేర్పిన మహనీయుడు ఒకరున్నారు. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు. ఆయన మిషనెరీ కారు. కుంపిణీ కొలువులోని ఉద్యోగి. తెలుగు నిఘంటువు కర్తగా, వేమన పద్యములను వెలికితీసినవారుగా ఆయనను బడిపిల్లలు సైతము ఎరుగుదురు. అయితే మన జిల్లా ఊళ్ల చరిత్రలను, వంశముల వృత్తాంతములను చెదల నోటినుండి తప్పించిన ఆయన సేవను ఎరిగినవారు కొద్దిమందే. అందుచేత ఈ సంచికలో ఆయన జీవితమును సంగ్రహముగా మన సంఘస్థుల ముందుంచుచున్నాము.

బ్రౌను దొరగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌను అయ్యగారు కలకత్తాలో పేరుపొందిన పాదిరి. ఫోర్టు విలియం కళాశాలలో పెద్ద బాధ్యత వహించినవారు. బైబిలును ఈ దేశ భాషలలోనికి తెచ్చు పనికి గట్టి సహాయకులు. ఆ యింటిలో భాషాభ్యాసము కుటుంబ ప్రార్థనవలె దినచర్యలో భాగము. కుమారుడు చిన్ననాడే తండ్రి యొద్ద హెబ్రీ, అరబ్బీ, పారసీ, హిందుస్తానీ నేర్చుకొనెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు వెళ్లిపోయెను. అక్కడ హెయిలీబరీ కళాశాలలో చదివి, కుంపిణీ కొలువు పొంది, 1817 ఆగస్టులో ఆయన మద్రాసు చేరిరి. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క అక్షరము రాదు. వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు తెలుగు ఓనమాలు దిద్దించిరి.

1820 ఆగస్టులో ఆయన కడప కలెక్టరు కచేరీకి సహాయోద్యోగిగా వచ్చిరి. కలెక్టరు హాన్‌బరీ దొర తెలుగు ధారాళముగా మాట్లాడువాడు. కచేరీలో అర్జీలు, లెక్కలు, వాదులాటలు అన్నియు తెలుగులోనే. రైతు చెప్పినది అర్థము కానిదే న్యాయము చేయుట ఎట్లు? అందువలన ఆయన పట్టుదలతో భాషను సాధించిరి. ఆ మరుసటి యేడే, అనగా 1821లో, కడపలో పిల్లలకు ఉచితముగా చదువు చెప్పించు బడులు పెట్టించిరి. తరువాత మచిలీపట్నమునకు బదిలీ అయినప్పుడు అక్కడను అట్లే చేసిరి. 1822లో విలియం హోవెల్ అయ్యగారు కడపలో లండను మిషను పనిని స్థాపించిరి. ఈ విధముగా మన జిల్లాలో సువార్త పనియు, తెలుగు గ్రంథోద్ధరణయు ఒకే కాలమున, ఒకే పట్టణమున వేరూనినవి.

మచిలీపట్నములో ఉండగా, 1824లో, ఫ్రెంచి పాదిరి డుబాయి గారి పుస్తకములో వేమన పేరు చదివి, ఆ పద్యముల ప్రతులకై ఆయన వెదుకులాట ప్రారంభించిరి. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించిరి. నడుమ 1826లో మరల కడపకు వచ్చినప్పుడు సుమారు పదిహేను ఎకరముల తోటతో కూడిన బంగళాను కొనిరి. అందులో పండితులను, లేఖకులను తన జీతము నుండి పోషించుచు ఒక గ్రంథశాలను నడిపిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు దానికి పెద్దగా ఉండిరి. జనులు దానిని బ్రౌను కాలేజీ అని పిలిచిరి.

అక్కడి పని తీరును మనము శ్రద్ధగా గమనింపవలెను. ఒక గ్రంథము కావలెనన్న ఒక్క ప్రతితో ఆయన తృప్తి చెందువారు కారు. ఊరూరికి మనుష్యులను పంపి, దొరికినన్ని తాటాకు ప్రతులను తెప్పించువారు. వాటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఎక్కడెక్కడ మాట తేడా ఉన్నదో పండితులచేత గుర్తింపజేయువారు. తప్పు ఏదో, ఒప్పు ఏదో తేల్చిన పిమ్మట మంచి కాగితముమీద శుద్ధప్రతి వ్రాయించి, బైండు కట్టించి, దాచువారు. ఈ వ్యయమంతయు ఆయన చేతిది. అందువలన అప్పులపాలైరి. అయినను ఆ పని మానలేదు.

1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు పట్టుకొన్నది. ఆ సమయమున ఆయన అక్కడ అధికారిగా ఉండిరి. జనులు ఆకలితో చనిపోవుచుండగా, పైవారికి పంపిన లేఖలలో దానిని కరువు అనియే స్పష్టముగా వ్రాసిరి. ఆ మాట పైఅధికారులకు రుచింపలేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయుట ఆయన స్వభావము. దస్తరము నిజము చెప్పవలెనని నమ్మినవారికి అది విడువరాని నియమము గదా!

1834 తరువాత ఆయన ఇంగ్లండునకు వెళ్లి మూడేండ్లు ఉండిరి. అక్కడ కుంపిణీవారి గ్రంథాలయములో ఎవరును చదువక మూలపడియున్న దక్షిణదేశ భాషల గ్రంథములను చూచి, వాటిని మద్రాసుకు మరల పంపించునట్లు ఏర్పాటు చేసిరి. అవి 2106 గ్రంథములు. 1837లో తిరిగి వచ్చి, మద్రాసులో ప్రభుత్వ అనువాదకుడుగాను ఇతర పదవులలోను పనిచేసిరి. 1840లో తెలుగు వ్యాకరణమును, 1852–54 సంవత్సరములలో గొప్ప నిఘంటువులను ప్రకటించిరి. బైబిలు తెలుగు అనువాదమును సరిదిద్దు పనియందును ఆయన శ్రమించిరి. పాదిరి కుమారునికి అది తండ్రి అప్పగించిపోయిన పని వంటిది.

ఇక మన ప్రాంతమునకు మిక్కిలి సంబంధించిన విషయమునకు వచ్చుచున్నాము. బ్రౌను దొరగారి కంటె ముందు కర్నలు కాలిన్ మెకంజీ అను స్కాట్లండు దేశస్థుడు ఉండెను. ఆయన 1754లో లూయిస్ ద్వీపమున పుట్టినవాడు. సర్వే పని చేయుచు, కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య మొదలగు తెలుగువారి సహాయముతో ఊరూర వృత్తాంతములను వ్రాయించెను. వాటినే కైఫియత్తులు అందురు. దత్తమండలములలో ఈ పని ఎక్కువగా 1810 మొదలు కొన్ని యేండ్లపాటు జరిగినది. ఊరికి ఆ పేరు ఎట్లు వచ్చినది, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడికి మాన్యము ఎవరిచ్చిరి, పాలెగాండ్రు ఎవరు, వారి తండ్రి తాతలెవరు, కరణము ఎవరు అను సంగతులన్నియు వాటిలో గలవు. జమ్మలమడుగు కైఫియత్తు ఉన్నది. గండికోట కైఫియత్తు ఉన్నది. పెమ్మసాని వారి వంశకథయు, 1650 ప్రాంతమున మీర్ జుమ్లా గండికోటను పట్టుకొనుటయు మనకు తెలియుటకు ఇటువంటి దస్తరములు తోడ్పడినవి.

మెకంజీ దొర 1821లో మరణించెను. ఆ కాగితములు మద్రాసులో ఏండ్ల తరబడి పడియుండి, పురుగులు తిని, సిరా వెలిసి, ముట్టుకొనిన రాలిపోవు స్థితికి వచ్చినవి. బ్రౌను దొరగారు వాటిలోని తెలుగు భాగములను లేఖకులచేత మరల వ్రాయించి సంపుటములుగా కట్టించిరి. నేడు పరిశోధకులు చూచుచున్న ఊళ్ల చరిత్రలలో ఎక్కువభాగము ఆ నకళ్ల వలననే మిగిలినది. అంతేకాదు, అనంతపురమును ఏలిన హండె వారి కుటుంబ వృత్తాంతమును తెలుగు వ్రాతప్రతి నుండి ఆంగ్లములోనికి తెచ్చి 1853లో ప్రకటించిరి. అది రాజుల పొగడ్త కాదు. ఒక కుటుంబము తన సంగతులను తాను వ్రాసి ఉంచుకొనిన దస్తరము. ఒక యింటి పాత కాగితము దేశ చరిత్ర కాగలదని ఆయన ఎరిగియుండిరి.

1855లో ఆయన ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరిరి. లండను విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యులుగా ఉండిరి. వివాహము చేసికొనలేదు, సంతతి లేదు. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో పరమపదించిరి. ఆయన కడప బంగళా కాలక్రమమున శిథిలమైపోగా, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలగువారి కృషిచే ఆ స్థలముననే 1987లో స్మారక గ్రంథాలయమునకు పునాది వేయబడినది. కడప జిల్లా కైఫియత్తులు అక్కడి నుండి అచ్చయి వెలువడినవి. తన వంశము తనతో ముగిసినను, ఇతరుల వంశములను నిలిపిన మనిషి ఆయన.

ఇప్పుడు మన ప్రశ్నకు తిరిగి వత్తము. కైఫియత్తులలో మన పితరుల పేర్లు ఉన్నవా? పాలెగాండ్ర పేర్లున్నవి, కరణముల పేర్లున్నవి, పూజారుల పేర్లున్నవి. ఊరిబయటి మాలపేటలలో, మాదిగపేటలలో బ్రదికిన కుటుంబముల తండ్రి తాతల పేర్లు మాత్రము దాదాపు కనబడవు. చెరువు త్రవ్వించినవాని పేరు వ్రాసిరి గాని, తట్ట మోసినవారి పేరు ఎవరును అడుగలేదు. మన సంఘస్థులలో అనేకుల పితరులు తట్ట మోసినవారే.

పందొమ్మిదవ శతాబ్దము నడుమ నుండి ఆ పేటలలోని కుటుంబములు సువార్తను అంగీకరింపసాగినవి. అప్పుడు కాపరి ఒక పుస్తకము తెరచి, బాప్తిస్మము పొందినవాని పేరు, తండ్రిపేరు, ఊరిపేరు, తేదీ వ్రాసెను. అనేక కుటుంబములకు వారి పితరుని పేరు సిరాతో వ్రాయబడుట అదియే మొదటిసారి. కావున పాత బాప్తిస్మపు రిజిస్టరు ఆఫీసు కాగితము మాత్రమే కాదు. అది మన కైఫియత్తు. ఎజ్రా గ్రంథములో, చెరనుండి తిరిగివచ్చిన కొందరు యాజకులు వంశావళి పుస్తకములో తమ పేర్లు కనబడనందున సేవనుండి తొలగింపబడిన సంగతి మనమందరము చదివినదే. వ్రాత లేనిచోట హక్కు చెప్పుకొనుట ఎంత కష్టమో ఆ అధ్యాయము చూపుచున్నది.

ఇతర దేశముల క్రైస్తవులను చూడుడు. 1825లో స్తావంగర్ రేవునుండి ఒక చిన్న ఓడ నార్వే దేశస్థులను అమెరికాకు తీసికొనిపోయినది. తరువాతి నూరేండ్లలో సుమారు 8 లక్షలమంది అట్లు వలసపోయిరి. నేడు వారి మునిమనుమలు తమ పితరులను కనుగొనుచున్నది నార్వే గ్రామ పాదిరులు వ్రాసి ఉంచిన సంఘ పుస్తకముల వలననే. ఆ వెదుకులాటలో వారికొక చిక్కు కలదు. పూర్వము నార్వే రైతునకు తండ్రిపేరును, సేద్యము చేయు భూమి పేరును కలిసి గుర్తుగా ఉండెను. మరియొక భూమికి మారిన పేరు కూడ మారును. అందుచేత ఒకే మనిషి రెండు పేర్లతో కనబడును. అట్లే 1860లో మద్రాసు నుండి నెటాలునకు కూలికి పోయిన మొదటి ఓడ మొదలుకొని, వలసవారి పేరు, తండ్రిపేరు, వయస్సు, ఊరు వ్రాసిన పట్టీలు ఉన్నవి. దక్షిణాఫ్రికాలోని తెలుగువారు వాటి సహాయముతో తమ పితరుల ఊళ్లను వెదకికొనుచున్నారు.

మన వెదుకులాటలోను నార్వేవారి చిక్కు వంటిదే కలదు. పితరునికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి, బాప్తిస్మములో వచ్చిన పేరు మరియొకటి. పొలము పాసుపుస్తకములో మొదటి పేరు, సంఘ రిజిస్టరులో రెండవ పేరు ఉండవచ్చును. ఇంటిపేరు ఒకచోట ఉండి మరియొకచోట లేకపోవచ్చును. దొరగారు వ్రాసినప్పుడు ఊరిపేరు ఆంగ్లాక్షరములలో రూపు మారియుండవచ్చును. కావున ఒక్క కాగితమును నమ్మి తొందరపడరాదు. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహ రిజిస్టరు, సమాధుల రిజిస్టరు, బడి హాజరు పట్టీ, కుటుంబ బైబిలు మొదటి పుటలోని వ్రాత, సమాధి రాయి, పెద్దల నోటిమాట అన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. తండ్రిపేరు, ఊరు, తేదీ ఈ మూడు కలిసినప్పుడే ఒకే మనిషియని తేల్చవలెను. ఇది బ్రౌను దొరగారి పద్ధతియే.

సంఘములు చేయవలసిన పని కొంత కలదు. పాత రిజిస్టర్లను తడిగోడకు ఆనించిన బీరువాలో ఉంచరాదు. చినిగిన పుటలకు జిగురుకాగితము అంటింపరాదు. ఒక్కొక్క పుటకు ఫోటో తీయించి, ఒక ప్రతి సంఘమునందును, ఒక ప్రతి డయోసిసు ఆఫీసునందును ఉంచవలెను. చక్కని చేవ్రాత గల యువతీయువకులచేత నకలు వ్రాయింపవలెను. అసలు నశించినను నకలు నిలుచునని మెకంజీ కాగితముల కథ మనకు చెప్పుచున్నది. పెద్దలు జీవించియుండగానే వారిని అడిగి వ్రాసికొనవలెను. ముఖ్యముగా తల్లుల పేర్లు అడుగవలెను. పాత వ్రాతలలో తండ్రిపేరు వ్రాసి తల్లిపేరు విడిచిన పుటలు అనేకములు.

తనది కాని భాషకై, తనది కాని ఊళ్లకై ఒక పాదిరిగారి కుమారుడు తన జీతమును, జీవితమును వ్యయము చేసెను. మన సొంత పితరుల పేర్లకొరకు మనము ఒక బీరువా, ఒక తాళము, కొన్ని సాయంకాలములు వ్యయము చేయలేమా? జీవగ్రంథమందు వారి పేర్లను ప్రభువు ఎరుగును. ఇహమందలి పుస్తకములను కాపాడు భారము మనకు అప్పగింపబడియున్నది. రాబోవు నూరేండ్ల పండుగలో మన మునిమనుమలు మన పేర్లను వెదకునప్పుడు, ఆ పుట చిరుగక వారి చేతికి అందునట్లు ప్రభువు మనకు శ్రద్ధను అనుగ్రహించును గాక. ఆమేన్.