యాన్ స్వామర్‌డామ్

బందరులోని డచ్చివారి సమాధులను మనలో చాలమంది చూచియే ఉంటారు. 17వ శతాబ్దిలో మన రేవునుండి కలంకారీ వస్త్రాలను తరలించిన ఆ వర్తక సంఘానికి ప్రధానస్థానం ఆమ్‌స్టర్‌డామ్. ఆ నగరంలోనే 1637లో యాన్ స్వామర్‌డామ్ జన్మించారు. తండ్రి ఔషధాల వర్తకుడు. నావికులు తెచ్చే తూర్పుదేశాల వింత వస్తువులను సేకరించేవాడు. వాటి నడుమ పెరిగిన బాలునికి కీటకాలపై మక్కువ కలిగింది.

1667లో లైడెన్‌లో వైద్యపట్టం పొందినా ఆయన వైద్యవృత్తి చేపట్టలేదు. పోషణ మానివేస్తానని తండ్రి హెచ్చరించినా సూక్ష్మదర్శినిని విడువలేదు.

గొంగళిపురుగు నశించి, సీతాకోకచిలుక అనే వేరొక ప్రాణి పుడుతుందని నాటి పండితులు అనేకులు తలచేవారు. 1668లో టస్కనీ యువరాజు కోసిమో ఆమ్‌స్టర్‌డామ్ వచ్చినపుడు, స్వామర్‌డామ్ గొంగళిపురుగు చర్మాన్ని ఒలిచి, లోపల ముడుచుకొనియున్న రెక్కలను చూపించారు. రెండు రూపాలు, ప్రాణి ఒక్కటే! తన ఆస్థానానికి వస్తే ఆయన సేకరణకు 12,000 గిల్డర్లు ఇస్తానన్నాడు యువరాజు. స్వామర్‌డామ్ అంగీకరించలేదు. తేనెపట్టుకు రాజుగా భావింపబడిన ఈగ నిజానికి ఆడదని, దాని అండాశయాలను చూపి నిరూపించినది కూడ ఆయనే.

జ్వరపీడితుడై, 1680లో 43వ ఏట ఆయన మరణించారు. ఆయన వ్రాతలను 57 ఏండ్ల తరువాత, 1737లో, బోర్‌హావే ప్రచురించనారంభించారు.

ఆయన చూడనిది ఒకటి మిగిలింది. గూటిలో క్రొత్త అవయవాలు పెరుగుతుండగా పాత కండరాలు, గ్రంథులు అనేకం కరిగిపోతాయి. 1960ల దశకంలో అమెరికాలో లాక్షిన్, విలియమ్స్ పట్టుచిలుకను పరిశోధించారు. గూడు వీడి వెలువడడానికి తోడ్పడిన పొట్టకండరాలు, పని తీరగానే, దేహం ఇచ్చే సంకేతం మేరకు నశిస్తాయని వారు గ్రహించి, దానికి నియత కణమరణమని పేరిడారు. గర్భస్థశిశువు చేతివ్రేళ్లు విడివడేది కూడ ఇట్టి కణమరణం వల్లనే. ప్రాణి కొనసాగడానికి దానిలోని కొంతభాగం తొలగిపోవలసియున్నదన్నమాట.

కుమారుడు తన కాళ్లపై నిలబడాలని కోరిన ఆ తండ్రిని మేము నిందింపలేము. మన ఇండ్లలోను అట్టి తండ్రులున్నారు. అయితే ఆ కుమారునికి అండగా నిలువవలసినది విద్యాసంస్థ. గుడివాడ పెరటిలోనో, దివిసీమ తోటలోనో నిమ్మాకుపై ప్రాకే పురుగును మా విద్యార్థి ఓపికతో పరిశీలించుగాక! అతనికి మంచి సూక్ష్మదర్శినిని సమకూర్చే భారం మన కళాశాల కమిటీ పెద్దలది.