ఫుట్‌బాల్ పంతులు రహీం సాబ్

నారాయణగూడ నుంచి హిమాయత్‌నగర్ మీదుగా బషీర్‌బాగ్ వెళితే లాల్ బహదూర్ స్టేడియం కనిపిస్తుంది. పాతవాళ్ళకు అది ఫతే మైదాన్. ఒకప్పుడు హైదరాబాదు అనగానే దేశమంతటికీ ఫుట్‌బాల్ గుర్తుకొచ్చేదంటే ఇప్పటి విద్యార్థులు నమ్మరేమో! ఊరికి ఆ పేరు తెచ్చినవాడు ఒక బడిపంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం.

1909 ఆగస్టు 17న పుట్టిన రహీం మన ఉస్మానియా విద్యార్థి. విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు కూడా. చదువు అయ్యాక కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. ఆ తర్వాత వ్యాయామ విద్యలోనూ పట్టా పుచ్చుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా చివరిదాకా పనిచేశారు.

ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఇందులో మంత్రమేమీ లేదు. బంతిని ఎవరూ ఎక్కువసేపు దగ్గర ఉంచుకోకూడదు, పక్కవాడికి వెంటనే అందించాలి, అంతే. కుర్రాళ్ళకు ఆయన పెట్టిన పోటీలు మరీ చిత్రం: వాటం లేని కాలితోనే ఆడాలి! చేతకానిదాన్ని దాచుకోకుండా సాధన చేయించటమే ఆయన పద్ధతి.

ఆ పద్ధతి ఆయనకూ పరీక్ష పెట్టింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మన జట్టు స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది. ఆ చలిలో మనవాళ్ళలో చాలామంది ఆడింది వట్టి కాళ్ళతో! మరొకరైతే అక్కడితో నీరుగారిపోయేవారు. రహీం మాత్రం మళ్ళీ మొదటి పాఠం నుంచి ఎత్తుకున్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్ ఆరోగ్యం దెబ్బతింది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత ఒక ఆటలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా దింపారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియాయే. స్టేడియం నిండా జనం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకట్టుతోనే జర్నైల్ ఒక గోలు చేశారు. 2-1తో స్వర్ణం మనది!

మరుసటి ఏడాది, 1963 జూన్ 11న, క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి యాభై నాలుగు కూడా నిండలేదు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం రాలేదు. 1960 రోమ్ తర్వాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన జట్టు ఆడనే లేదు. 2024లో ఆయన కథ 'మైదాన్' పేరుతో హిందీ సినిమాగా వస్తే, ఈ ఊరివాళ్ళలోనే ఎందరో ఆ పేరు కొత్తగా విన్నారు.

మిత్రులారా, కప్పులు బీరువాల్లో ఉంటాయి, పాఠం మాత్రం మైదానంలో ఉంటుంది. ఈసారి బంతి మీ దగ్గరకొస్తే ఒక్కసారి రాని కాలితో తన్ని చూడండి. గురి తప్పినా ఫరవాలేదు. రహీం సాబ్ బడి మొదలయ్యేది అక్కడే.