పల్లెకే ముందు టెలివిజన్: విక్రం సారాభాయి సంకల్పం

భారత అంతరిక్ష కార్యక్రమ పితామహుడు విక్రం సారాభాయి 1919 ఆగస్టు 12న అహ్మదాబాదులో సంపన్నులైన మిల్లు యజమానుల ఇంట జన్మించారు. 1940లో కేంబ్రిడ్జి పట్టా పొంది, యుద్ధకాలం కావడంతో స్వదేశానికి వచ్చి, బెంగళూరులో సి.వి. రామన్ వద్ద విశ్వకిరణాలపై పరిశోధన సాగించారు. 1947లో కేంబ్రిడ్జి డాక్టరేటు స్వీకరించి, ఆ ఏడాదే అహ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయాన్ని నెలకొల్పారు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుండి తొలి రాకెట్టు ఎగిరింది. అక్కడి జాలరుల చర్చి భవనమే శాస్త్రవేత్తలకు కార్యాలయమైంది. 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది.

ఇవన్నీ పాఠ్యపుస్తకాలలో దొరికే సంగతులే. టెలివిజన్ కోసం ఆయన పడిన తపన మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

ఆనాడు దేశం మొత్తానికి టెలివిజన్ కేంద్రం ఢిల్లీలో ఒక్కటే ఉండేది. మొదట మహానగరాలకు, పిమ్మట పట్టణాలకు, చివరికెప్పుడో పల్లెలకు అన్నది అందరికీ తోచే వరుస. సారాభాయి ఈ వరుసను తిరగవేయాలని పట్టుబట్టారు. నగరవాసికి పత్రికలున్నాయి, సినిమాలున్నాయి, కళాశాలలున్నాయి. మారుమూల రైతుకు ఏముంది? పైగా ఉపగ్రహానికి రాజధానీ, కొండగూడెమూ సమానదూరమే. ముందుగా 1967 జనవరి 26న ఢిల్లీ పరిసరాలలోని 80 గ్రామాలకు ‘కృషి దర్శన్’ మొదలైంది. దాని వెనుక ఆయన ప్రోద్బలం ఉంది. 1969లో అమెరికా ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం వాడుకునేందుకు నాసాతో ఒప్పందం కుదిరింది. పేద దేశానికి రాకెట్లెందుకని ఆక్షేపించిన వారికి ఇంతకన్న గట్టి సమాధానం ఉండదు.

ఫలితం చూడటానికి ఆయనకు ఆయుష్షు చాలలేదు. 1971 డిసెంబరు 30న కోవళంలో, 52వ ఏట, నిద్రలోనే కన్నుమూశారు.

1975 ఆగస్టు 1న ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలలో ప్రసారాలు ఆరంభమయ్యాయి. ఆ గ్రామాలలో మన ఎల్లలకు ఇరువైపులవీ ఉన్నాయి: ఇటు కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాలు, అటు రాయచూరు, గుల్బర్గా, బీజాపూరు, ఒరిస్సాలో సంబల్‌పూరు, ఢెంకనాల్, ఫూల్బనీ. సెట్లు హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.లో తయారయ్యాయి. పది అడుగుల గొడుగు వంటి యాంటెన్నాలను కోళ్లగూళ్లకు వాడే ఇనుప వలతో అల్లారు. ఆ పొదుపు సారాభాయి బాటలోనిదే. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం సేద్యం, ఆరోగ్యం, వినోదం. తెలుగు, కన్నడం, ఒడియా, హిందీ భాషలలో కార్యక్రమాలు నడిచాయి. పల్లెజనం రచ్చబండ చుట్టూ, పాఠశాల ఆవరణలో నేలపై కూర్చుండి చూశారు.

1976 జూలై 31తో గడువు ముగిసింది. అరువు ఉపగ్రహం వెనుకకు మరలిపోయింది. స్వదేశీ అవసరాలకై ఇన్సాట్-1బి 1983లో నింగికి చేరింది. ఆ మరుసటి ఏడాది వరుసగా వెలసిన రిలే కేంద్రాలలో అధికభాగం పట్టణాలకే దక్కాయి.